వంటింటి మడమ

మన కవులు ఆడవాళ్ళ ఒంట్లో దేన్నీ వదిలిపెట్టలేదు. కళ్ళు కలువలన్నారు, నడుము అసలుందా లేదా అని అనుమానపడ్డారు, పాదాలు పద్మాలన్నారు. పారాణి గురించీ, అందెల గురించీ, ఆఖరికి మట్టెల గురించీ కూడా రాశారు. మడమ గురించి మాత్రం ఒక్కరు కూడా ముచ్చటపడినట్టు నాకు కనబడలేదు. మనం మడమని తలుచుకునేది రెండే రెండు సందర్భాల్లో. చలికాలంలో పగిలినప్పుడూ, యుద్ధంలో తిప్పకూడదన్నప్పుడూ. నేనూ యాభై ఒక్క ఏళ్ళపాటు దాన్ని తలుచుకోలేదు. 2024 జూలైలో ఒక తెల్లవారుజామున అదే నన్ను తలుచుకుంది.

మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టానో లేదో, మడమ కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. "అమ్మో" అని గోడ పట్టుకున్నాను. కుంటుకుంటూ నాలుగడుగులు వేశాను. విచిత్రం చూడండి, స్నానాల గది దాకా వెళ్ళేసరికి నొప్పి సగం తగ్గింది. పాలు పొంగేసరికి పూర్తిగా మాయమైంది. కలగన్నానేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే మడమ, అదే మేకు.

ఇంతకీ అసలు సంగతి మీ దగ్గర దాస్తున్నాను. నేను పరుగెడుతున్నాను. బస్సు కోసం కాదు, ఊరికే. పిల్ల బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ, పొద్దున్నే మెలకువ. "రోజూ నడుస్తూనే ఉన్నావుగా అమ్మా, ఇంకాస్త తొందరపడితే అదే పరుగు" అంది ఫోనులో. దాని పాత బూట్లు ఇంట్లోనే పడున్నాయి, నాకు సరిగ్గా సరిపోయాయి. చుడీదారు వేసుకుని, వెస్ట్ మారేడుపల్లిలో తెలిసినవాళ్ళెవరూ లేవకముందే గేటు దాటి, పరేడ్ గ్రౌండ్స్ వైపు పరుగు తీసేదాన్ని. చూసేది పాల పాకెట్లవాళ్ళూ, వాచ్‌మన్లూ, మెట్రో స్తంభాలూను.

నవ్వకండి. నా తరం ఆడపిల్లలందరిలోనూ ఒక పరుగు మిగిలిపోయి ఉంటుంది. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పందెంలో పి.టి. ఉషకి సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం తప్పిపోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మర్నాటి నుంచీ మా బడి ఆవరణలో రెండు జడల పిల్లలందరూ ఉషలే. రెండేళ్ళు తిరక్కుండా ఇంట్లో "పెద్దపిల్లవి, ఇంకా ఆ పరుగులేమిటి" అన్నారు. ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇది మన ఊళ్ళో సంగతే అనుకునేరు. 1967లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌కి కాత్రిన్ స్విట్జర్ అనే అమ్మాయి పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో నమోదు చేసుకుని పరుగెడుతూంటే, నిర్వాహకుడొకాయన దారిలోకి వచ్చి ఆమె నంబరు పీకేయబోయాడు. అంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదని పెద్దల నమ్మకం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టింది కూడా మన ఉష పరుగెత్తిన ఆ 1984లోనే!

హైదరాబాదులో 2011 నుంచీ పెద్ద మారథాన్ జరుగుతోంది, ఏటా ఆగస్టులో. దాంట్లో పది కిలోమీటర్ల పరుగుకి మా అమ్మాయి నన్నడక్కుండానే నా పేరిచ్చేసింది. ఇక చూడండి నా ఉత్సాహం! మూడు కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని మూడు వారాల్లో ఎనిమిదికి పెంచాను. మారేడుపల్లి ఎత్తులూ పల్లాలూ, సిమెంటు రోడ్లూ, అడుగు అరిగిన పాత బూట్లూ. ఇవన్నీ కలిసి ఏం చేశాయో పైన చెప్పానుగా.

మా వారు "చెప్పానా!" అన్నారు. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో ఆయన ఎక్కువసార్లు వాడిన మాట అదే. ఎప్పుడు చెప్పారో మాత్రం చెప్పరు. లిఫ్టులో కలిసిన ఒకావిడ "ఎముక పెరిగిందండీ, కోసేస్తారు" అని ధైర్యం చెప్పింది. మరొకావిడ ఇటుక కాల్చి, జిల్లేడాకు పరిచి కాపడం పెట్టమంది. కాపడం పెట్టిన కాసేపూ హాయిగానే ఉంది. పొద్దున్న లేచేసరికి మేకు మాత్రం ఎక్కడికీ పోలేదు.

చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రేలో మడమ కింద చిన్న ముల్లులా ఎముక కనబడింది. లిఫ్టు ఆవిడ మాట నిజమేనని నా గుండె జారింది. డాక్టరు నవ్వి, ఆ ముల్లు నొప్పి లేనివాళ్ళలోనూ చాలామందికి ఉంటుందనీ, దాన్ని చూసి భయపడక్కర్లేదనీ అన్నారు. జబ్బు పేరు ప్లాంటార్ ఫాసియైటిస్ అట. "ఇంజెక్షన్ ఇచ్చేయండి డాక్టర్‌గారూ, ఆగస్టులో పరుగుంది" అన్నాను. స్టీరాయిడ్ ఇంజెక్షన్ కొన్నాళ్ళు నొప్పి తగ్గిస్తుందిగానీ, అరుదుగా లోపలి పట్టీ తెగే ప్రమాదం కూడా ఉందనీ, తొందరపడొద్దనీ చెప్పి ఫిజియోథెరపీకి పంపారు.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి మా పిల్ల ఈడుదే. "ఆంటీ, ముందు మీ పాదం ఏం చేస్తోందో తెలుసుకోండి, తరవాత వ్యాయామం" అంది. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయట. రెండింటిలో కలిపి 52, అంటే మొత్తం ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో నాలుగోవంతు కాళ్ళ కిందే పడున్నాయన్నమాట. అవన్నీ కలిసి అరికాలు మధ్యలో వంతెనలాగా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు కూలిపోకుండా, మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా కింద ఒక గట్టి పట్టీ బిగించి ఉంటుంది. విల్లుకి నారి ఎలాగో పాదానికి ఆ పట్టీ అలాగ. అడుగు పడ్డప్పుడు వంపు కాస్త అణుగుతుంది, పట్టీ సాగి ఆ దెబ్బని తీసుకుంటుంది. అక్కడికి సగం పనే అయింది.

మిగతా సగం ఆ అమ్మాయి చెబుతూంటే నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో నూతి గిలక గుర్తొచ్చింది. అడుగు ముందుకు వేసేటప్పుడు మడమ లేచి, వేళ్ళు వెనక్కి వంగుతాయి కదా? అప్పుడా పట్టీ వేళ్ళ మొదళ్ళ చుట్టూ, గిలక మీద చేంతాడు చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. చేంతాడు చుట్టుకుంటే బొక్కెన పైకి లేచినట్టు, పాదం వంపు పైకి లేచి గట్టిపడుతుంది. అలా గట్టిపడితేనే మనం నేలని తన్ని ముందుకు పోగలం. నమ్మకపోతే ఇప్పుడే కూర్చుని కాలి బొటనవేలు చేత్తో పైకి వంచి చూడండి, అరికాలి వంపు ఎలా లేస్తుందో! 1954లో ఇంగ్లండులో హిక్స్ అనే ఆయన ఈ పనితనానికి గిలక పేరే పెట్టాడు. మన నూతుల దగ్గర ఆడవాళ్ళకి చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో అర్థమయ్యేది.

పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ పాదం మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుందట. నేను 62 కిలోలు. రెండున్నర రెట్లు వేసుకున్నా 155 కిలోలు, క్వింటాలున్నర బియ్యం బస్తాలు! కిలోమీటరుకి వెయ్యికి పైగా అడుగులు. ఎనిమిది కిలోమీటర్లకి లెక్క మీరే కట్టుకోండి. పైగా పిక్కలు బిగుసుకుని ఉంటే అవి మడమని వెనక నుంచి పైకి లాగుతాయి, పట్టీ మీద భారం ఇంకా పెరుగుతుంది. నా పిక్కలు నొక్కి చూసి ఆ అమ్మాయి "రాళ్ళలా ఉన్నాయి ఆంటీ" అంది. నేను మెచ్చుకుందనుకుని సంతోషించాను.

మరి పొద్దున్న మొదటి అడుగుకే ఆ మేకు ఎందుకూ? రాత్రంతా మనం పాదం కిందికి వాల్చి పడుకుంటాం. పట్టీ ముడుచుకుని బిగుసుకుపోతుంది. లేచీ లేవగానే ఒంటి బరువంతా ఒక్కసారి వేస్తే అది ఉలిక్కిపడుతుంది. నాలుగడుగులు వేశాక సాగి సర్దుకుంటుంది. సర్దుకోవడం అంటే నయమవడం కాదు, ఆ తేడా తెలియకే చాలామంది ఏళ్ళకేళ్ళు నెట్టుకొస్తారు.

వైద్యం వినడానికి చాలా చిన్నది. మంచం దిగకముందే కాలు మోకాలి మీద వేసుకుని, కాలివేళ్ళు చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి, అలా పదిసార్లు. గోడకి చేతులానించి పిక్కలు సాగదియ్యాలి. రోజు మార్చి రోజు మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, నెమ్మదిగా మడమలు లేపి దింపాలి. 2014లో డెన్మార్కు పరిశోధకులు చూస్తే, మూడు నెలలయ్యేసరికి ఉత్త సాగదీత కన్నా ఈ మెట్టు వ్యాయామమే ఎక్కువ మేలు చేసిందట. చాలామందికి ఏడాదిలోపు కోతా కుట్టూ లేకుండానే తగ్గుతుంది. ఏడాదా? నేను నెలలో పరుగెత్తాలనుకుంటున్నాను! "పరుగు వచ్చే ఏడు చూద్దాం ఆంటీ" అంది ఆ అమ్మాయి. ఆఖరున ఒక మాట చేర్చింది. "ఇంట్లో గట్టి నేల మీద ఉత్తకాళ్ళతో తిరగొద్దు. మెత్తటి చెప్పులు వేసుకోండి. వంటింట్లో కూడా."

వంటింట్లో కూడానా! మా అత్తగారి సంగతి ఆ అమ్మాయికేం తెలుసు?

మా అత్తగారికి డెబ్బై ఏడేళ్ళు. మామగారిది రైల్వే ఉద్యోగం. లాలాగూడ క్వార్టర్లలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, ఆయన పోయాక మా దగ్గరికొచ్చారు. మంచి మనిషి. కానీ చెప్పులు గుమ్మం అవతలా, దేవుడు గుమ్మం ఇవతలా ఉండాలన్నది ఆవిడ రాజ్యాంగం. నేను మెత్తటి చెప్పులతో వంటింట్లోకి అడుగుపెట్టగానే "అమ్మాయ్, కాళ్ళకేమిటవీ?" అన్నారు. డాక్టరు చెప్పారన్నాను. "డాక్టర్లకేం, వాళ్ళు ఆపరేషను గదిలో కూడా చెప్పులేసుకుంటారు" అన్నారు.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. వాడు ఏ గొడవకైనా నెయ్యి పోస్తాడు. "అమ్మమ్మ చెప్పింది కరెక్టే అత్తా. అబెబె బికిలా అని ఇథియోపియా ఆయన 1960లో రోమ్‌లో ఉత్తకాళ్ళతో మారథాన్ పరుగెత్తి బంగారు పతకం కొట్టాడు" అన్నాడు. అత్తగారు నా వైపు విజయగర్వంతో చూశారు. "మరి 1964లో టోక్యోలో ఏం చేశాడు?" అన్నాను. నేనూ ఈ మధ్య చదువుతున్నాను లెండి. టోక్యోలో ఆయన బూట్లు వేసుకునే పరుగెత్తాడు, మళ్ళీ బంగారమే కొట్టాడు. కాలికి చిన్నప్పటి నుంచీ ఏది అలవాటైతే అది పడుతుంది, అలవాటు లేనిది ఒక్కసారిగా నెత్తిన వేస్తే మూలుగుతుంది. బికిలా కాళ్ళు మట్టిదారుల మీద రాటుదేలాయి. నావి బ్యాంకు కుర్చీ కింద ఫ్యాను గాలికి పెరిగాయి.

వాదనలో నేనే గెలిచాను, వంటింట్లో మాత్రం చెప్పులు విప్పేశాను. అత్తాకోడళ్ళ యుద్ధాల్లో గెలుపంటే అంతే.

మర్నాడు పొద్దున్న మంచం మీద కూర్చుని కాలివేళ్ళు వెనక్కి లాక్కుంటున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఏమిటమ్మాయ్ అది?" అన్నారు. చెప్పాను. మేకు సంగతీ, మొదటి అడుగు సంగతీ, నాలుగడుగులకి తగ్గిపోయే సంగతీ, అన్నీ. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అన్నారు, "దానికి పేరుందా?"

"ఉంది అత్తయ్యా."

"నీ పెళ్ళికి ముందు నుంచీ నాకు అంతే. మంచం దిగితే మేకే."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పనూ? నాలుగడుగులు వేస్తే తగ్గేది. తగ్గిపోయినదాన్ని నొప్పి అని ఎలా చెప్పను?"

ఏం చెప్పాలో నాకు తోచలేదు. చూపు తిప్పుకుంటే ఎదురుగా వసారా గోడ కనబడింది. అత్తగారి గది తలుపు దగ్గర నుంచి స్నానాల గది దాకా, చెయ్యెత్తున ఆ గోడ మీద ఒక జిడ్డుమరక ఉంటుంది. ఎన్నిసార్లు రంగులు వేయించినా ఆర్నెల్లు తిరిగేసరికి మళ్ళీ తయారు. "నూనె చేతులతో గోడలు పట్టుకుంటారు" అని మా వారి దగ్గర ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఎందుకు పట్టుకుంటున్నారని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేను ఒక్క పొద్దున్న గోడ పట్టుకున్నందుకు డాక్టరూ, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ. ఆవిడ ఎన్ని వేల పొద్దున్నలు పట్టుకున్నారో.

ఆ రోజు ఆవిడ చాలా చెప్పారు. క్వార్టర్ల వంటింట్లో షాబాదు బండలు. తెల్లవారుజామున నాలుగున్నరకి మామగారి డ్యూటీకి క్యారేజీ, తరవాత పిల్లల క్యారేజీలు, తరవాత వచ్చేపోయే చుట్టాలు. కుంపటి ఉన్నన్నాళ్ళూ పీట వేసుకుని కూర్చునే వండారట. గ్యాసు పొయ్యి వచ్చి గట్టెక్కాక వంట అంతా నిలబడే. "సుఖం వచ్చిందనుకున్నాం. కూర్చోవడం పోయింది" అన్నారు.

ఈ సంగతి ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే ఆశ్చర్యపోలేదు. ఈ నొప్పి వచ్చేది రెండు రకాల వాళ్ళకట. పరుగెత్తేవాళ్ళకీ, గట్టి నేల మీద రోజంతా నిలబడేవాళ్ళకీ. ఇంగ్లీషులో దీనికి పాతకాలం నాటి పేరు "పోలీసు మడమ" అట. వీధులు కాపలా కాసి కాసి వాళ్ళకి వచ్చేదట. ఇప్పుడేమో రన్నర్ల జబ్బంటున్నారు. పోలీసు నిలబడ్డాడని పేరు పెట్టారు, రన్నరు పరుగెత్తాడని పేరు పెట్టారు. తెల్లారింది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించే దాకా నిలబడ్డవాళ్ళ పేరు ఎవరికీ తట్టలేదు. "వంటింటి మడమ" అంటే ఏం పోయింది?

అత్తగారిని తీసుకెళ్ళి చూపించాను. వయసుతో మడమ కింద సహజంగా ఉండే మెత్త కూడా పలచబడిందనీ, పూర్తిగా పోతుందని ఆశపెట్టలేననీ, అయినా చాలావరకు తేలికపడుతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆవిడకి మెట్టు వ్యాయామం వద్దంది, మంచం మీద వేళ్ళు లాగడం చాలంది. చెప్పులు మాత్రం తప్పవంది. దారిలో అత్తగారు ఆలోచించి ఆలోచించి తమ రాజ్యాంగానికి తామే సవరణ చేశారు. "కొత్తవి కొందాం. వీధి తొక్కనివి. గుమ్మం దాటకూడదు, దేవుడి గదిలోకి రాకూడదు. అవి చెప్పులు కావు, పీట లాంటివి." జనరల్ బజార్‌లో రెండు జతలు కొన్నాం.

వాటిని చూసి మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఎందుకమ్మా అనడిగింది. చెప్పాను. చీపురు పక్కన పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. "నాకు గూడ రెండేండ్ల సంది గట్లనే అయితదమ్మా. పొద్దుగాల లేస్తే మొల గుచ్చినట్టే. నాలుగిండ్ల బండలు తుడుస్తుంటి, నొయ్యక ఏమైతదని ఊకున్న" అంది. ఆమె తిరిగే బండల్లో మా ఇంటివీ ఉన్నాయి. సాయంత్రం మూడో జత వచ్చింది, వేళ్ళు లాగడం కూడా నేర్పాను. ముగ్గురం కూర్చుని కాళ్ళు పట్టుకుని లాక్కుంటూంటే మా వారు గుమ్మం దాకా వచ్చి, మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ ఆగస్టులో నేను పరుగెత్తలేదు. నెక్లెస్ రోడ్డు పక్కన నిలబడి, పరుగెత్తేవాళ్ళకి చప్పట్లు కొట్టి వచ్చాను. అక్టోబరుకి మేకు కాస్తా గుండుసూది అయింది. సంక్రాంతికి అదీ పోయింది. కొత్త బూట్లు కొనుక్కుని, ఒక నిమిషం పరుగూ రెండు నిమిషాల నడకాగా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. 2025 ఆగస్టులో పది కిలోమీటర్లు పూర్తి చేశాను. గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. నా వెనక కూడా కొందరున్నారని మనవి.

అత్తగారి నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు గోడ పట్టుకోకుండానే మొదటి అడుగు వేస్తున్నారు. రోజూ పొద్దున్న పది నిమిషాలు ఆవిడ తమ మంచం మీదా, నేను నా మంచం మీదా కూర్చుని కాలివేళ్ళు లాక్కుంటూ ఒకరినొకరు లెక్క అడుగుతాం. ఆ పది నిమిషాలూ వంటింట్లో ఎవరూ ఉండరు కనక, కాఫీ మా వారే కలుపుతున్నారు.

మొన్న డికాషను దిగక ఆలస్యమైంది. "నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయే అమ్మా!" అని వంటింట్లోంచి కేక పెట్టారు.

అత్తగారు ఏడో లెక్క దగ్గర ఆగి అన్నారు, "చెప్పులేసుకోరా."